ఇరవై నాలుగు సీసాలు

కంచిలి,
2 ఏప్రిల్ 2025

ఇవాంజెలిన్‌కు మామ్మ రాయునది,

ఇక్కడ అందరం క్షేమమని మొదలుపెట్టడం ఆనవాయితీ. ఈ ఊళ్ళో ఆ మాట రాయాలంటే ముందు ల్యాబు రిపోర్టు చూసుకోవాలి కనుక వదిలేస్తున్నాను.

నీ కవరు అందింది. విప్పి చూస్తే ఉత్తరం కాదు, పట్టీ. పలాస జీడిపప్పు మూడు కిలోలు, గుండ్లు మాత్రమే, బద్దలు వద్దు. తాతగారి ఉన్ని శాలువా. జనన ధ్రువపత్రం నకలు. పదిహేను రోజులు చెడిపోని కొబ్బరి లౌజు. నెదర్లాండ్స్‌లో నీళ్ళ పరిశోధనశాలకు వేసవి ఇంటర్న్‌షిప్‌కు పోయే పిల్ల సర్దుకోవలసినవన్నీ అందులో ఉన్నాయి. మన ఊరి నీళ్ళ సంగతి ఒక్కటే లేదు.

మరిచిపోయావేమో, గుర్తు చేస్తాను. జనవరిలో ఇరవై నాలుగు ఖాళీ సీసాలు అట్టపెట్టెలో పెట్టుకుని విశాఖపట్నం నుంచి దిగావు. ఇల్లిల్లూ తిరిగి, నూతి నీళ్ళు నీ చేత్తో తోడి, పరీక్షకు పట్టుకుపోతానన్నావు. ఇంతలో పాస్‌పోర్టు వాళ్ళ మెసేజి వచ్చింది, మర్నాడు ఉదయమే రావాలని. ‘మామ్మా, నువ్వు చెప్తే అందరూ వింటారు, నింపించి పంపు’ అని సాయంత్రం బండికి వెళ్ళిపోయావు. డెబ్భై రెండేళ్ళ ముసలిది ఇంటింటికీ సీసా పంచి, మూడో రోజున ఏరుకొచ్చి, టెక్కలిలో మీ అమ్మ పనిచేసే ఆసుపత్రికి చేర్చి, అక్కడినుంచి నీకు పంపించింది. అది జనవరి. ఇది ఏప్రిల్.

ఈ ఊరి కిడ్నీ జబ్బుకు కారణం తేలుస్తామని ఇప్పటికి ఏడు బృందాలు వచ్చాయి. కొందరు రక్తం తీసుకున్నారు, కొందరు మూత్రం, కొందరు మట్టి. ఒకాయన మా బియ్యం కూడా గుప్పెడు పట్టుకుపోయాడు. తీసుకున్నవాళ్ళలో ఒక్కరు కూడా తిరిగొచ్చి ‘అమ్మా, మీ దాంట్లో ఇది ఉంది’ అని కాగితం చేతిలో పెట్టలేదు. అందుకే బొడ్డమ్మ నీ సీసా ముట్టనంది. ‘ఇది నా మనవరాలు, ఈసారి కాగితం తిరిగొస్తుంది, నాదీ పూచీ’ అన్నాను. హెడ్‌మిస్ట్రెస్‌గా పనిచేసిన పదేళ్ళలో ఎవరికీ పూచీ పడలేదు. రిటైరయ్యాక పడ్డాను, సిగ్గులేక.

ఇప్పుడు బొడ్డమ్మ పాలు పోయడానికి వచ్చినప్పుడల్లా గిన్నె కింద పెట్టి నా మొహం చూస్తుంది. అడిగితే నయం.

ఫోన్ చేస్తే సరిపోయేది కదా అంటావు. నా ఎడమ చెవి నాతోపాటే రిటైరైంది, కుడిది సెలవులో ఉంది. పైగా ఫోన్లో నువ్వు ‘సారీ మామ్మా’ అంటావు, నా కోపం అక్కడే చస్తుంది. కాగితం మీద ఐతే బతుకుతుంది.

ఫలితాలు పంపు. తర్వాత జీడిపప్పు మాట.

మగ్దలీన


విశాఖపట్నం,
7 ఏప్రిల్ 2025

ప్రియమైన మామ్మకు,

నీ ఉత్తరం చదువుతుంటే నా గదిలో అమ్మాయి ‘మీ ఇంట్లో ఎవరైనా పోయారా’ అని అడిగింది. లేదు, మా మామ్మ బతికే ఉంది, అదే రుజువు అన్నాను.

ఆలస్యం నా తప్పే. పాస్‌పోర్టు, దరఖాస్తు, ఇంటర్వ్యూ, వీసా కాగితాలు, వీటి మధ్య సెమిస్టర్ పరీక్షలు. కానీ మంచి వార్త చెప్పడానికే ఆగాను అనుకో.

ఇరవై నాలుగు సీసాలూ శుభ్రంగా ఉన్నాయి మామ్మా. ఉప్పు, ఫ్లోరైడ్, సీసం, సిలికా అన్నీ హద్దుకు ఎంతో లోపలే. మా ప్రొఫెసర్ శ్యాంసుందర్ గారు కూడా ఆశ్చర్యపోయారు, తీరంలో ఇసుకనేల నూతులు ఇంత తేలికగా ఉంటాయా అని. దీని మీదే నా ప్రతిపాదన రాశాను. మన ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు కారణాన్ని నీళ్ళలో కాక మరోచోట వెతకాలి అని. అది చూసే అక్కడివాళ్ళు నన్ను ఎంచుకున్నారు. దేశం మొత్తం మీద ముగ్గురిని తీసుకున్నారు, వాళ్ళలో నేనొకదాన్ని. జూన్ 3న విమానం. వెళ్ళిన వారంలోనే వాళ్ళందరి ముందు ఈ ఫలితాల గురించి మాట్లాడాలి.

పట్టిక తెలుగులో రాసి జతచేశాను. ఎవరి సీసా అంకెలు వాళ్ళ పేరు ఎదురుగా ఉన్నాయి. అందరికీ చదివి వినిపించు. నీ పూచీ తీరిపోయింది, ఇక బొడ్డమ్మత్త మొహంలోకి ధైర్యంగా చూడు.

లౌజు మానెయ్యి, కస్టమ్స్‌లో పారేస్తారట. జీడిపప్పు మాత్రం గుండ్లే.

నీ ఈవా


కంచిలి,
14 ఏప్రిల్ 2025

ఇవాంజెలిన్‌కు,

మాట తప్పను కనుక చదివాను. నిన్న మట్టల ఆదివారం. చర్చిలో ఆరాధన అయ్యాక గుడి గుమ్మంలో నిలబడి ఇరవై నాలుగు పేర్లు, ఇరవై నాలుగు వరసల అంకెలు గట్టిగా చదివాను. గుడికి రాని ఇళ్ళవాళ్ళు కూడా వచ్చి బయట నిలబడ్డారు. చెరువు దగ్గరింటి పెద్దతల్లి చేతులు జోడించింది, నాకో, కాగితానికో తెలియలేదు. వార్డు మెంబరు కామేశ్వరరావు నా చేతిలోంచి కాగితం పట్టుకుపోయి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాడు. తన పేరున్న వరస కింద ఎర్ర గీత కూడా గీశాడు. ఊరికి పండగొచ్చింది. నాకు రాలేదు.

‘కారణాన్ని మరోచోట వెతకాలి’ అని రాశావు. ఎక్కడ వెతుకుతావమ్మా? మీ నాన్న ఈ ఇంటి నూతినీళ్ళు నలభై నాలుగేళ్ళు తాగాడు. తర్వాత మూడేళ్ళు వారానికి మూడుసార్లు డయాలసిస్ బల్ల మీద పడుకుని, పోయాడు. ఎక్కడికి తీసుకెళ్ళినా మొదటి ప్రశ్న ఒకటే, మందు తాగుతావా, నొప్పి మాత్రలు మింగుతావా అని. చర్చి సంఘంలో డీకన్‌గా ఉన్న మనిషి. పండక్కి ద్రాక్షరసం కూడా సగమే పుచ్చుకునేవాడు. అడిగినవాడికి కోపం లేకుండా లేదండీ అని చెప్పి, బయటికొచ్చి చెట్టుకింద కూర్చుని చేతులు చూసుకునేవాడు. నేనేం తప్పు చేశానమ్మా అని నన్నే అడిగేవాడు. నేను వాడి తల్లినని నీకు అప్పుడప్పుడు గుర్తు చెయ్యాలి.

నీళ్ళు అనుకుని ఇన్నాళ్ళు కొంచెం నిలబడ్డాం. తప్పు నూతిది, మనది కాదు అని. నువ్వొచ్చి నూతిని నిర్దోషిగా వదిలిపెట్టావు. ఇక మిగిలింది మనుషులే.

ఇంకో ముచ్చట. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు వలిచే పెంటయ్య నీకు తెలుసు. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ వాడికి మూడు దాటింది. ఈ ఊళ్ళో పిల్లల మార్కులు చెప్పలేనివాళ్ళు కూడా క్రియాటినిన్ చెప్తారు. ఇన్నాళ్ళూ నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు ఆటో తెచ్చే క్యాను నీళ్ళే తాగాడు. నిన్నటినుంచి మానేశాడు. ‘పాప రాసింది గదా, మా నుయ్యి పాసైపోనాది’ అని నవ్వుతున్నాడు. వాడి వెనక మరో నాలుగిళ్ళు. ఆటోవాడు క్యాన్లు వెనక్కి పట్టుకుపోయాడు. నాకెందుకో ఆ ఆటో అలా వెళ్ళిపోవడం నచ్చలేదు.

జీడిపప్పు కొన్నాను. గుండ్లే.

మామ్మ


విశాఖపట్నం,
19 ఏప్రిల్ 2025

మామ్మా,

మీ నాన్న మీ నాన్న అంటూ రాశావు. డయాలసిస్ గది బయట బెంచీ మీద పదో తరగతి పాఠాలు చదువుకున్నది నేను. డయాలసిస్ కోసం ఆయన చేతి రక్తనాళాలు కలిపి కుట్టిన ఫిస్టులా దగ్గర చెయ్యి పెడితే ఝుమ్మని కొట్టుకునేది, నా అరచేతికి అది ఇంకా తెలుసు. ఈ చదువే అందుకు చదువుతున్నాను. నాకు నువ్వు గుర్తు చెయ్యక్కర్లేదు.

నీళ్ళు బాగున్నాయంటే నాన్న తప్పు చేశాడని అర్థం కాదు. వేడి కావచ్చు, పొలంలో కొట్టే మందులు కావచ్చు, ఇంకేదో కావచ్చు. నువ్వు కోరుకున్న జవాబు రాలేదని అంకెల మీద అలిగితే ఎలా? నీకు కావలసింది నేరస్థుడు. నాకు కావలసింది కారణం.

అసలు సంగతి ఇది కాదని నాకు తెలుసు. నేను వెళ్ళడం నీకు ఇష్టం లేదు. అమ్మ టెక్కలిలో, నేను ఇంకో దేశంలో, నువ్వు ఒక్కదానివే. అలాగని తిన్నగా చెప్పొచ్చు కదా. చెప్పవు. నాన్న పేరు అడ్డం పెట్టి పోట్లాడతావు.

లెక్కల టీచరువి కదా. కాగితం పంచాయతీ గోడ మీదే ఉంది. కోపం పక్కన పెట్టి ఒక్కసారి అంకెలు చూడు.

ఇవాంజెలిన్


కంచిలి,
25 ఏప్రిల్ 2025

ఇవాంజెలిన్‌కు,

నువ్వు మూడు నెలలు లేకపోతే కుంగిపోయేంత ఖాళీ నాకు లేదు. మీ తాత పోయినప్పుడే వంట తగ్గించుకున్నాను, బతుకు తగ్గించుకోలేదు. ఆ మాట అక్కడితో సరి.

చూడమన్నావు, చూశాను. కోపం పక్కన పెట్టి కాదు, కళ్ళజోడు పెట్టుకుని.

ముప్పై నాలుగేళ్ళు జవాబు పత్రాలు దిద్దాను. క్లాసులో ఇరవై నలుగురు పిల్లలకీ నూటికి తొంభై ఆరు, తొంభై ఏడు, తొంభై ఆరు వస్తే పంతులమ్మ గొప్పదని ఎవరైనా అనుకోవచ్చు. పంతులమ్మ మాత్రం అనుకోదు. ఒకడి పలక చూసి అందరూ రాశారని తెలుసుకుంటుంది. నీ కాగితంలో చెరువు దగ్గర పెద్దతల్లి నూయి, సముద్రం వైపు కామేశ్వరరావు నూయి, మూడు తరాలనాటిది, మొన్న తవ్వించినది, అన్నీ ఒకే అంకె చుట్టూ తిరుగుతున్నాయి. పెద్దతల్లి నూతినీళ్ళతో పప్పు ఉడకదని ఊరంతటికీ తెలుసు. నీ కాగితంలో అవి వాననీళ్ళంత తేలిక. ఈ పిల్లలు కాపీ కొట్టారు.

బొడ్డమ్మ పాలు పోయడానికి వచ్చినప్పుడు కూర్చోబెట్టి అడిగాను, ఆ రోజు సీసాలో ఏ నీళ్ళు పోశావని. దాచలేదు. దాచవలసిందని తెలిస్తే కదా.

‘క్యాను నీళ్ళేనమ్మా. మీ మనవరాలు పట్నంలో పెద్దోళ్ళకి సూపిత్తాదన్నారు గదా. ఇంటికొచ్చిన పిల్లకి నూతినీళ్ళు ఎలాగ ఇత్తాం? పసుప్పచ్చగున్నాయి, తుప్పు వోసనొకటి. ఊరి పరువు గదా.’

అక్కడినుంచి లేచి మిగతా ఇరవై రెండు ఇళ్ళూ తిరిగాను. పెద్దతల్లి క్యాను నీళ్ళు, పైగా గుడ్డతో వడగట్టి. పెంటయ్య సీసాలో ఏదో మందు చుక్క వాసనొస్తోందని చింతపండు, బూడిద పెట్టి తోమి, ఆరబెట్టి, అప్పుడు క్యాను నీళ్ళు. కామేశ్వరరావుదే అసలు మర్యాద, కొత్త క్యాను సీలు విప్పించి పోశాడట. ఒక్కరు కూడా నిన్ను మోసం చెయ్యాలనుకోలేదు. వచ్చినవాళ్ళకి ఇంట్లో ఉన్నవాటిలో మంచివి ఇవ్వాలి, అంతే. ఇలాంటి ఊరిని పరీక్ష చెయ్యాలంటే పక్కన నిలబడి తోడించుకోవాలి. అది నువ్వు పాస్‌పోర్టు ఆఫీసులో నిలబడ్డ రోజు.

తిరిగొచ్చేదాకా అందరినీ మనసులో తిట్టుకున్నాను. చదువులేని జనం, చెప్పినా అర్థం కాదు అని. గుమ్మం ఎక్కుతుంటే గుర్తొచ్చింది. నీ పట్టికలో ఒకటో సీసా ఈ ఇంటిది.

ఆ రోజు నేను నూతినీళ్ళే తోడాను. సీసా ఎత్తి వెలుగులో చూస్తే అడుగున ఇంత నలుసు, ఒక ఆకు తునక. విదేశంవాళ్ళు చూస్తారు, హెడ్‌మిస్ట్రెస్ ఇంటి నీళ్ళు ఇలాగా అనుకుంటారనిపించింది. మల్లెమొక్కలో పారబోసి, వంటింట్లో క్యానులోంచి నింపాను. అది మోసమనిపించలేదు, శుభ్రత అనిపించింది. నా ఒక్క సీసా వల్ల ఏమవుతుందిలే అనుకున్నాను. ఇరవై నాలుగు ఇళ్ళవాళ్ళమూ అదే అనుకున్నాం. వాళ్ళు చదువుకోలేదు. నాకు ఆ వంక కూడా లేదు.

కాబట్టి నీ మీద కోప్పడే హక్కు సగం పోయింది. మిగతా సగం వాడుకుంటాను. నీ కాగితం అడుగున చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంది. ‘నమూనాలు స్వయంగా సేకరించినది: ఇవాంజెలిన్.’ ఏ చేత్తో సేకరించావే?

వెంటనే మీ ప్రొఫెసరుకు చెప్పు. ఆ దేశంవాళ్ళకు రాయి. తప్పు చేసిన మనిషి పేరు కావాలంటే నాది ఇయ్యి, ఇంటిపేరుతో సహా.

మామ్మ


విశాఖపట్నం,
30 ఏప్రిల్ 2025

మామ్మా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ మీద కోపం లేదు. ఉందేమో, ఇప్పుడు దానికి తీరిక లేదు.

నిన్ననే వీసా ముద్ర పడింది. టిక్కెట్టు వచ్చేసింది. నా మాటల సారాంశం అక్కడ అచ్చుకు వెళ్ళిపోయింది. ఇప్పుడు చెప్తే ఏమవుతుందో తెలుసా? నా వెనక వరసలో ఇంకో అమ్మాయి ఉంది, ఆ అమ్మాయిని పిలుస్తారు. స్వయంగా సేకరించాను అని రాసినందుకు మా సార్ నా పేరే కొట్టేయవచ్చు. దరఖాస్తులో ఆ గడి ఖాళీగా వదిలితే ముందుకు వెళ్ళనివ్వలేదు మామ్మా. మా మామ్మ సేకరించింది అని రాస్తే ఎవరు తీసుకుంటారు?

నేనొకటి ఆలోచించాను. ముందు వెళ్తాను. అక్కడ కుదురుకున్నాక, నెల పోయాక, నమూనాల్లో పొరపాటు జరిగినట్టు అనుమానంగా ఉందని నేనే చెప్తాను. తిరిగొచ్చి సెప్టెంబరులో మళ్ళీ సరిగ్గా తీస్తాను. అబద్ధం కాదు, ఆలస్యం అంతే. ఎవరికీ నష్టం లేదు.

అప్పటిదాకా ఊళ్ళో ఎవరితోనూ అనకు. నీకు దండం పెడతాను.

ఈవా


కంచిలి,
4 మే 2025

ఇవాంజెలిన్,

ఎవరికీ నష్టం లేదు అని రాశావు. ఆ వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేశాను. నీ ఉత్తరం దిద్దడం ఇదే మొదటిసారి.

మూడు వారాల్లో ఐదిళ్ళు తొమ్మిదయ్యాయి, అందరూ నీ కాగితం చూసుకుని నూతినీళ్ళు తాగుతున్నారు. పెంటయ్య కాళ్ళు వాచాయి. నీళ్ళవల్లో, ఎండవల్లో, వాడి రాతవల్లో నేను చెప్పలేను. నువ్వూ చెప్పలేవు. కానీ వాడు తాగుతున్నది నీ సంతకం చూసి, నేను చదవగా విని. వాడికి సెప్టెంబరు దాకా ఆగమని చెప్పనా?

నిన్న పంచాయతీ గోడ మీది కాగితం చింపేశాను. ఇంటింటికీ వెళ్ళి అది తప్పు, క్యాను నీళ్ళకు అంకెలు వేశారు, నూతినీళ్ళు మానండి అన్నాను. కామేశ్వరరావు నా మీద పంచాయతీ ఆస్తి ధ్వంసమని అరిచాడు. పెద్దతల్లి నన్ను లోపలికి పిలిచి, మంచినీళ్ళిచ్చి, నెమ్మదిగా అడిగింది.

‘ఆదివారం నాడు మీరే సదివినారు, బాగున్నాయని. ఇప్పుడు మీరే బాగోనేదంటన్నారు. ఏ కాయితం నిజమమ్మా? మళ్ళీ వచ్చీ వారం ఏటి సదుత్తారు?’

గ్లాసు కింద పెట్టి లేచి వచ్చాను. పెంటయ్య ఐతే వినను కూడా వినలేదు. నాకు వయసు మీద పడి మతి చలించిందనుకుంటున్నాడు.

ఏడు బృందాలు కాగితం ఇవ్వకుండా పోయాయి. ఎనిమిదోది మనది. తప్పుడు కాగితం ఇచ్చి పోతోంది. ముందు ఏడే నయం.

నిన్ను నెదర్లాండ్స్ వెళ్ళొద్దని నేను ఒక్కమాటైనా అనలేదు, ఇప్పుడూ అనను. ఇక్కడికి వచ్చి, నీ నోటితో, పెంటయ్య ఎదుట చెప్పి వెళ్ళు. చెప్పకుండా వెళ్తే వెళ్ళు. తిరిగొచ్చేటప్పుడు టెక్కలిలో దిగిపో, మీ అమ్మ దగ్గర. ఇటు రానక్కర్లేదు.

మగ్దలీన


విశాఖపట్నం,
11 మే 2025

మామ్మా,

చెప్పేశాను.

శ్యాంసుందర్ సార్ మొదటి పట్టిక తెప్పించి నా ముందు పెట్టారు. తర్వాత ఒకటే అడిగారు, ఈ అంకెలు చూసినప్పుడు నీకు అనుమానం రాలేదా అని. నీకు కూడా రాయకుండా దాచిన జవాబు ఆయనకు చెప్పాను. వచ్చింది. ఫిబ్రవరిలోనే వచ్చింది. నూతినీళ్ళు ఇంత తేలికగా ఉండవు, ఎక్కడో ఏదో అయిందని ఒక పూటంతా అనిపించింది. దరఖాస్తు గడువు ఇంకా నాలుగు రోజులు ఉంది. ఆ నాలుగు రోజుల్లో ఊరికొచ్చి నిన్ను అడగొచ్చు. రాలేదు. అందరూ శుభ్రమైన అంకెలు చూసి సంతోషిస్తుంటే నేను కూడా సంతోషించడం మొదలుపెట్టాను.

నీ మల్లెమొక్క సంగతి చదివినప్పుడు నేను నీకంటే పెద్ద దొంగనని తెలిసింది. నువ్వు ఒక సీసా మార్చావు. నేను ఇరవై నాలుగింటినీ తెలిసే వదిలేశాను.

సార్ బయటికి పొమ్మన్నారు. రెండు రోజులు నన్ను ల్యాబులోకి రానివ్వలేదు. మూడో రోజున ఆయన ఎదుటే ఆ దేశంవాళ్ళకు ఉత్తరం రాయించారు. జవాబు వచ్చింది. నా ప్రసంగం రద్దు. సీటు మాత్రం జూన్ 16 వరకు ఆపుతారట, రెండు షరతుల మీద. నమూనాలు నేనే మళ్ళీ తీయాలి, మొదటిసారి ఎలా పాడయ్యాయో దాచకుండా రాసి ఇవ్వాలి. లేకపోతే ఆ రెండో అమ్మాయికి ఇచ్చేస్తారు. విమానం 14కి మార్చుకున్నాను. అదీ కుదిరితేనే.

శనివారం పొద్దున్న బండికి దిగుతాను. పెంటయ్య మావతో ఏం చెప్పాలో వాక్యాలు రాసుకున్నాను, ఒక్కటీ బాగాలేదు. నువ్వు పక్కన ఉంటావా?

ఈవా


కంచిలి,
14 మే 2025

ఉండను. ఇది నీ పాఠం. నేను రెండడుగుల వెనక నిలబడతాను, పడిపోతే పట్టుకోవడానికి కాదు, పారిపోతే పట్టుకోవడానికి.

సీసాలు నా చేతికి ఇవ్వకు.

మామ్మ


విశాఖపట్నం,
4 జూన్ 2025

మామ్మా,

పెంటయ్య మావ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. ‘నేదులే పాపా, కూకో’ అని పీట వేశాడు చూశావా, అది ఇంకా గుచ్చుకుంటోంది. బొడ్డమ్మత్త చేంతాడు నా చేతికిచ్చి ‘ఈసారి నువ్వే తోడుకో, మా సేతులు మర్యాద సేసేత్తాయి’ అంది. అరచేతులు పొక్కిపోయాయి. ఇరవై నాలుగూ తోడాను.

ఫలితాలు వచ్చాయి. మా సార్ మరో ల్యాబులో కూడా చూపించారు. ఈసారి ఇరవై నాలుగూ ఇరవై నాలుగు రకాలు. నాలుగు నూతుల్లో హద్దు దాటినవి ఉన్నాయి. బొడ్డమ్మత్త, కామేశ్వరరావు గారి నూతుల్లో సీసం. పెద్దతల్లి, పెంటయ్య మావ నూతుల్లో ఫ్లోరైడ్. ఈ నాలుగు వెంటనే ఆపేయాలి. మిగతావి ఇప్పటికి హద్దులోనే ఉన్నాయి, కానీ వానల తర్వాత మళ్ళీ చూడాలి. ఇవే కిడ్నీ జబ్బుకు కారణమా అంటే తెలియదు. కాగితం మీద ఆ మాట అలాగే రాశాను.

ఇంకొకటి. దీన్ని ఎలా రాయాలో తెలియక ఆఖరికి పెట్టాను. మన నూయి హద్దులోనే ఉంది మామ్మా. నమ్మలేక రెండుసార్లు చూశాను, నాకు కావలసిన జవాబు కోసమే చూశాను. రాలేదు. నాన్నకు ఏమైందో నాకు తెలియదు.

వాళ్ళు సీటు ఖాయం చేశారు. అక్కడ నేను మాట్లాడేది మొదటి ఇరవై నాలుగు సీసాల గురించేనట. ఎందుకు పాడయ్యాయో అందరూ వినాలన్నారు. మర్యాద అన్న మాటకు వాళ్ళ భాషలో సరిపోయే మాట వెతుకుతున్నాను.

కింద సంతకం దగ్గర ఇద్దరి పేర్లూ రాయాల్సి వచ్చింది. తోడినది నేను, ఇళ్ళు చూపించినది నువ్వు. అంతకు మించి ఒక్క అక్షరం రాయలేదు.

ఈవా


కంచిలి,
9 జూన్ 2025

ఈవాకు,

నిన్న చదివాను. గుడి గుమ్మంలో కాదు, పంచాయతీ ఆఫీసు మెట్ల మీద. పోయినసారి చింపిన చోటే అంటించాలని పట్టుబట్టాను. నీ పేరు చదివాను. నమూనాలు మొదటిసారి ఎలా పాడయ్యాయో చదివాను, ఒకటో సీసా ఎవరిదో, మల్లెమొక్కలో ఏం పోశారో దాచకుండా. హెడ్‌మిస్ట్రెస్ తప్పు ఒప్పుకోవడం చూడ్డానికి నా పాత విద్యార్థులు ముగ్గురు ముందు వరసలో నిలబడ్డారు. బాగా ఆనందించారు.

తర్వాత అంకెలు. ‘కారణం తెలియదు’ అన్న చోట ఎవరైనా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. పెద్దతల్లి మాత్రం ముందుకొచ్చి తన వరస వేలితో చూపించమంది. చూపించాను. ‘ఇది నా నూతిదేనా? ఇంకెవులిదీ కాదుగదా?’ అంది. నీదే, ఇంకెవరిదీ కాదన్నాను. ఆ వరస విడిగా రాసిమ్మంది. రాసిచ్చాను. మడిచి బొడ్లో దోపుకుంది. ఏడు బృందాలూ పోయిన ఇన్నేళ్ళకు ఆవిడ చేతిలో పడ్డ మొదటి కాగితం అది. మంచి వార్త కాదు. ఐనా ఆవిడదే.

కామేశ్వరరావు తన నూతికి వచ్చిన మార్కు మీద అప్పీలు చేస్తానంటున్నాడు. చేసుకోనీ. ఈ పొద్దున్న క్యాన్ల ఆటో పెంటయ్య గుమ్మంలో ఆగింది. కాళ్ళ వాపు తగ్గలేదు. మీ అమ్మ టెక్కలి తీసుకురమ్మంది, శుక్రవారం నేనే తీసుకెళ్తున్నాను.

మన నూతి సంగతి. నీ ఉత్తరం చదివాక వెళ్ళి గట్టు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ దాని మీద పెట్టుకున్న కోపం ఎక్కడికి తీసుకుపోవాలో తెలియలేదు. మీ నాన్న దేనివల్ల పోయాడో తెలియకుండానే నేను కూడా పోతానేమో. అది నాకు ఒప్పుదల కాదు. మూడు నెలల్లో నువ్వు తేల్చలేవని తెలుసు. ముప్పై ఏళ్ళు పట్టినా వదలకు. వదిలితే సమాధిలోంచి కూడా ఉత్తరం రాస్తాను, తపాలావాళ్ళు ఎలా పంపుతారో వాళ్ళ ఖర్మ.

శాలువాకు చిమ్మట కొట్టింది, రఫూ చేయించాను. జీడిపప్పు మీ అమ్మతో విశాఖపట్నం వస్తోంది. స్టేషనుకు నేను రాను. నా మొహం చూస్తే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నాకు కోపం వస్తుంది. అక్కడికెళ్ళాక చలి, తిండి, తెల్లవాళ్ళ మర్యాదల గురించి రాయకు. పనిలో ఏ పూట ఏ అనుమానం వచ్చిందో అది రాయి, వచ్చిన పూటే రాయి.

చీకటి పడేముందు బొడ్డమ్మ వచ్చింది. చేతిలో పాలగిన్నె లేదు. తన నూతి గిలక మీది చేంతాడు విప్పి, చుట్ట చుట్టి తెచ్చింది. నా ముందు పెట్టి, ‘మీకాడ ఉంచండమ్మా. నాకాడుంటే పొద్దున్న అలవాటుకి తోడేత్తాను’ అంది. నలభై ఏళ్ళనుంచి రోజూ ఆ నూయి తోడిన మనిషి. తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

తాడు గుమ్మంలో ఉంది. ఈ ఉత్తరం రాస్తూ కాలితో పక్కకు జరిపాను. ఇంకా తడిగానే ఉంది.

మామ్మ